ఏతాం మీద అరవై మంది

ఫాల్ గైస్‌లో నాకూ మా తమ్ముడికీ మూడేళ్ళుగా ఒకటే తగువు. అందరికన్నా ముందు ఉరకాలి అంటాడు వాడు. ముందు నలుగురైదుగురిని పోనిచ్చి, వాళ్ళకేమవుతుందో చూసి, ఆ వెనకాల పోవాలి అంటాను నేను. ఇద్దరం అప్పుడప్పుడూ గెలుస్తాం, ఇద్దరం తరచుగా ఓడిపోతాం కాబట్టి తగువు తేలదు. యూట్యూబ్‌లో ఈ ఆట గెలవడానికి చిట్కాలు చెప్పే వీడియోలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. ఎప్పుడు దూకాలి, ఎక్కడ డైవ్ కొట్టాలి, ఏ సుత్తి ఎటు తిరుగుతుంది, అన్నీ చెప్తారు. చుట్టూ పరిగెత్తే మిగతావాళ్ళ గురించి మాత్రం పెద్దగా చెప్పరు. నా లెక్కలో ఆటంతా వాళ్ళే.

ఆడనివాళ్ళ కోసం రెండు మాటలు. లండన్‌లోని మీడియాటానిక్ అనే కంపెనీ 2020 ఆగస్టు 4న దీన్ని విడుదల చేసింది. మనమంతా ఇళ్ళల్లో తలుపులేసుకుని కూర్చున్న రోజులు. మెడ లేని, మోకాళ్ళున్నాయో లేవో తెలియని జెల్లీ బీన్ లాంటి బొమ్మలు మొదట్లో 60 మంది ఒక్కసారి పరుగు మొదలెట్టేవాళ్ళు. ఒక్కో రౌండ్‌కీ కొంతమంది పోతారు, చివరికి ఒక్కరికి కిరీటం. చేతిలో ఉన్నవి మూడే పనులు: దూకడం, డైవ్ కొట్టడం, పట్టుకోవడం. కాల్చడాలూ పొడవడాలూ లేవు. ఎవరైనా తగిలితే తూలి పడతావు, లేచేసరికి పదిమంది దాటిపోతారు. హింస అంటే అంతే. 2022 జూన్‌లో ఆటని ఉచితం చేశారు. అప్పట్నుంచీ మేం ఆడుతున్నాం. వాడు డాలస్‌లో, నేను హైదరాబాద్‌లో. ఎండాకాలమైతే వాడి శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర నాకు శనివారం పొద్దున్న ఎనిమిది. వాట్సాప్ కాల్ స్పీకర్‌లో పెట్టుకుని ఆడతాం. ఎవరో ఒకరికి ల్యాగ్ తప్పదు.

ఈ ఆట ఎక్కడో చూసినట్టుందే అని మొదటిరోజే అనిపించింది. చూశాం మరి. తకేషీస్ కాసిల్. జపాన్‌లో టీబీఎస్ వాళ్ళు 1986లో మొదలెట్టిన కార్యక్రమం, మనకి పోగోలో జావేద్ జాఫ్రీ హిందీ వ్యాఖ్యానంతో వచ్చేది. అందులో ఒక ఆట తలుపుల వరసలది: కొన్ని కాగితం తలుపులు, కొన్ని గట్టివి, పరిగెత్తుకుంటూ వెళ్ళి గుద్దుకోవడమే. ఇంకోటి నీళ్ళల్లో రాళ్ళ మీంచి దాటేది: కొన్ని రాళ్ళు నిలుస్తాయి, కొన్ని కాలు పెట్టగానే మునుగుతాయి. బడి నుంచి వచ్చి, బ్యాగు కూడా తియ్యకుండా, వాళ్ళు మొహాన గుద్దుకుంటుంటే నేనూ తమ్ముడూ నేల మీద దొర్లి నవ్వేవాళ్ళం. హిందీ సగం అర్థమయ్యేది కాదు, అక్కర్లేదు కూడా. ఆ కార్యక్రమం తమకి స్ఫూర్తి అని మీడియాటానిక్ వాళ్ళే చెప్పుకున్నారు. తలుపుల ఆట డోర్ డాష్ అయింది. రాళ్ళ ఆట పోలిక టిప్ టోలో కనిపిస్తుంది. తేడా ఒక్కటే, కానీ పెద్ద తేడా. జపాన్‌లో ఆ తలుపుల మీదకి ఉరికేది కొద్దిమంది. ఇక్కడ ఊరంతా ఒకేసారి.

డోర్ డాష్‌లో వరసగా తలుపుల గోడలుంటాయి. కొన్ని గుద్దితే విరిగిపోతాయి, కొన్ని విరగవు. ఏది ఏదో ప్రతిసారీ మారిపోతుంది కాబట్టి బట్టీ పట్టే వీల్లేదు. ముందుకు పోయేకొద్దీ విరిగే తలుపులు తగ్గుతాయి. ఇక్కడ నా మాటే నెగ్గుతుంది, మా వాడు కూడా ఒప్పుకుంటాడు. మొట్టమొదట ఉరికినవాడు తలుపుని వెతికిపెట్టే కూలివాడు. వాడి మొహం పగిలితే ఆ తలుపు కాదని వెనకున్న అందరికీ ఉచితంగా తెలుస్తుంది. అందుకని మొదటి గుంపుకి రెండడుగులు వెనక ఉండాలి. నేరుగా ఏ తలుపు మీదకీ కాకుండా రెండు తలుపుల మధ్యనున్న గోడ వైపు పరిగెత్తాలి, అప్పుడు ఏది విరిగితే అటు ఒరగొచ్చు. విరిగిన తలుపు దగ్గర తొక్కిసలాట ఉంటుంది, అక్కడ దూకకూడదు. గాల్లో ఉన్నప్పుడు ఎవరి తల తగిలినా బొమ్మ గుడ్డపీలికలా దొర్లిపోతుంది. నడిచిపోవడమే మేలు.

కానీ వెనక ఉండడంలో ఒక చిక్కుంది. 1992లో అభిజిత్ బెనర్జీ (తర్వాత 2019లో నోబెల్ వచ్చిన బెనర్జీయే) మందబుద్ధి మీద, అంటే మంద వెంట పోయే బుద్ధి మీద ఒక పేపర్ రాశాడు. పక్కపక్కనే రెండు హోటళ్ళు. మొదటిది కాస్త మేలని అందరికీ ముందునుంచీ ఓ చిన్న నమ్మకం. కానీ వందమందిలో తొంభై తొమ్మిది మందికి రెండోదే బాగుంటుందని విడివిడిగా ఎవరో చెప్పారు. మొదటిదే బాగుంటుందని విన్న ఆ ఒక్కడు ముందొచ్చి దాంట్లో కూర్చుంటాడు. రెండోవాడు వాణ్ణి చూసి తను విన్నదాన్ని పక్కనపెట్టి లోపలికి వెళ్తాడు, మూడోవాడు ఆ ఇద్దర్నీ చూసి వెళ్తాడు. చివరికి నిండిన హోటల్ ఒకటి, ఈగలు తోలుకునే హోటల్ ఒకటి. ఎవరూ తెలివితక్కువ పని చెయ్యలేదు, అయినా అందరూ తప్పు చోట తింటున్నారు. డోర్ డాష్‌లో ఇది రోజూ కనిపిస్తుంది. ముందున్న ఇద్దరు ఎడమకి తిరిగారంటే వెనక ముప్పైమంది ఎడమకే తిరుగుతారు. ఆ ఇద్దరికీ ఏం తెలుసు? ఏమీ తెలీదు. తలుపు విరగదు. ముప్పైమంది ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతారు, అందులోంచి బయటికి రావడానికే సగం ఆట పోతుంది. చూడాల్సింది జనం ఎటు తిరుగుతున్నారని కాదు, ఏ తలుపు విరిగిందని. రెంటికీ మధ్య తేడా అర సెకను. ఆ అర సెకను ఓపిక పట్టడం నేర్చుకుంటే డోర్ డాష్ మీ చేతిలో ఉన్నట్టే.

ఇక సీ-సా. తెలుగులో కలిపి రాస్తే సీసా అయిపోతుంది, అందుకే అడ్డగీత. పెద్ద పెద్ద బల్లలు, మధ్యలో ఇరుసు, ఒక్కోటీ ఎడమకో కుడికో ఒరుగుతుంది. ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి దూకుతూ పోవాలి. పడితే మళ్ళీ వెనకనుంచి. ఆటగాళ్ళందరూ తిట్టుకునే లెవెల్ ఏదైనా ఉంటే ఇదే. నాకు మాత్రం ఇదే ఇష్టం.

ఎందుకు తిట్టుకుంటారంటే ఇక్కడ దారి పాడుచేసేది దారి కాదు, జనం. బల్ల సమంగా ఉన్నంతసేపూ చిన్నపిల్లలైనా దాటతారు. ముందున్న పదిమందీ అవతలి బల్ల ఎటు దగ్గరగా ఉందో అటే నడుస్తారు. అది వాళ్ళకి లాభం. వాళ్ళ బరువుకి బల్ల ఒరుగుతుంది. వాళ్ళు దూకి వెళ్ళిపోతారు. వెనకొచ్చేవాళ్ళకి గోడలా నిలబడిన బల్ల మిగులుతుంది. కింద వైపు దిగితే జారిపోతావు, పైవైపు అంచు అందదు. పైవైపు నిలబడి నీ బరువుతో దాన్ని కిందకి తేవాలి. అది మెల్లగా దిగుతుంది. సరిగ్గా అది సమానమయ్యే వేళకి ఎవడో వెనకనుంచి ఉరికొచ్చి మళ్ళీ కింద వైపే పడతాడు. నువ్వు కూర్చిన తూకం వాడితో పాటు జారిపోతుంది.

మా తాతయ్య చెప్పే ఏతాం గుర్తొస్తుంది నాకు. కరెంటు మోటార్లు రాకముందు బావిలోంచి చేనుకి నీళ్ళు తోడేది ఏతాంతోనే. పొడుగాటి దూలం, మధ్యలో ఆనిక, ఒక కొసకి బాన. దూలం మీద ఒక మనిషి ముందుకీ వెనక్కీ నడుస్తాడు. ముందుకి నడిస్తే బాన మునుగుతుంది, వెనక్కి నడిస్తే పైకొస్తుంది. కింద ఇంకో మనిషి బానని పట్టుకుని నీళ్ళు వంచుతాడు. ఇద్దరికీ లయ కుదరాలి, అందుకే ఏతాం పాటలు పుట్టాయి. దూలం మీద నడిచేవాడికి తన అడుగు ఎక్కడ పడితే ఏమవుతుందో ఒళ్ళంతటికీ తెలుసు. సీ-సా లెవెల్లో మేమంతా ఏతాం మీద ఎక్కి, అది ఏతాం అని తెలియనట్టు నడుస్తాం. పాట కూడా లేదు. అపరిచితులతో మాట్లాడే వీలుండదు. చేతులూపడం, గెంతడం లాంటి సైగలున్నాయి కానీ వాటిని చూసేంత తీరిక ఎవరికుంది?

ఇక్కడ మా తమ్ముడి వాదనకి బలముంది, కాదనలేను. ముందు ఉరికినవాడికి బల్లలన్నీ సమంగా దొరుకుతాయి. మొదటి రెండు బల్లలు గుంపుకన్నా ముందు దాటగలిగితే మిగతాదంతా షికారు. "ఆగి ఏం చూస్తావక్కా, చూడ్డానికేముంది, ఆగేకొద్దీ వంకరవుతుంది కదా" అంటాడు. నిజమే. వెనక పడ్డాక మాత్రం వాడి పద్ధతి పనికిరాదు, ఎందుకంటే వెనక పడ్డ వాళ్ళందరిదీ అదే పద్ధతి. అప్పుడు చెయ్యాల్సినవి: బల్ల మీద దిగడం ఎప్పుడూ ఇరుసు దగ్గర, అంటే నడిమధ్యన. గుంపు ఎడమన ఉంటే నువ్వు కుడికి నడవాలి, దూరమైనా సరే. ఒరిగిన బల్ల మీదకి దూకే బదులు రెండు క్షణాలు వెనక బల్ల మీదే ఉండాలి, కానీ ఉండేటప్పుడు అది కూడా ఒరగకుండా చూసుకోవాలి. ఒక్కోసారి ఎవరో ఒక బొమ్మ, తెలియని మనిషి, నువ్వు చేస్తున్నది చూసి ఆగుతుంది. నీకు ఎదురు కొసన నిలబడుతుంది. మీ ఇద్దరి మధ్య బల్ల మట్టసంగా వస్తుంది. ఇద్దరూ ఒకేసారి దూకుతారు. ఆ మనిషిది ఏ దేశమో, ఏడేళ్ళ పిల్లో యాభై ఏళ్ళ ఆఫీసరో. ఈ ఆటలో నాకు కిరీటం కన్నా అదే ఎక్కువ తృప్తి. గెలుపు చిట్కాలు రాస్తానని మొదలెట్టి ఇలా అంటున్నానేంటి అనుకోకండి. ఇది చిట్కాయే. ఆగే మనిషి ఒకరు దొరికితే, వెనకనున్నవాళ్ళలో మీరిద్దరే ముందు దాటతారు.

దీనికి తిరగబడ్డ రకం కూడా ఉంది. గీత దాకా వచ్చి, దాటకుండా అక్కడే నిలబడి వచ్చేవాళ్ళని పట్టుకుని ఆపేవాళ్ళు. తను పోయినా ఫర్వాలేదు, ఇంకొకడు పోవాలి. నియమాల ప్రకారం తప్పేమీ కాదు, పట్టుకోవడం ఆటలో ఉన్నదే. నాకు మాత్రం వాళ్ళంటే ఒళ్ళు మంట. వాళ్ళని తప్పించుకోవాలంటే గీతకి ఆ కొసనో ఈ కొసనో, వాళ్ళు లేని వైపు నుంచి డైవ్ కొట్టాలి.

మా మధ్య అసలు మాటలన్నీ సీ-సాలోనే నడుస్తాయి. పడి, మళ్ళీ మొదలెట్టి, ఆగుతూ ఉంటాం కాబట్టి ఇందులో తీరిక ఎక్కువ. ఊరికే ఫోన్ చేస్తే "తిన్నావా, ఎలా ఉన్నావ్" దగ్గరే ఆగిపోతాం. నాన్న పోయి రెండేళ్ళు. తెనాలిలో ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటోంది. ఒక శనివారం మూడో బల్ల మీద ఉండగా వాడన్నాడు, "అక్కా, ఇల్లు అమ్మేద్దామా?" అని. నేను కుడి అంచున ఉన్నాను. "ఎడమకి రా ముందు" అన్నాను. వాడొచ్చాడు. దాటాం. ఆ మాట అక్కడే ఉండిపోయింది. తర్వాతి వారం మళ్ళీ ఎత్తాడు: ఇప్పుడు ధర ఉంది, పై పోర్షన్ ఖాళీగా ఉంది, అమ్మకి మెట్లెక్కడం కష్టం, ఎంత ఆగితే అంత చిక్కవుతుంది. అమ్మ ఏమనుకుంటోందో ముందు తెలియనీ అన్నాను నేను. ఆటలో చెప్పే మాటలే ఇద్దరం చెప్తున్నాం అని ఇద్దరికీ తెలుసు. ఎవరూ నవ్వలేదు.

కిరీటం గురించి ఒక్క మాట చెప్పి ముందుకి పోతాను, ఎందుకంటే అక్కడ చెప్పడానికి ఎక్కువ లేదు. ఫాల్ మౌంటెన్ అని కొండ ఎక్కే చివరి రౌండ్ ఒకటుంది. పైనుంచి బంతులు దొర్లుతాయి, తిరిగే సుత్తులుంటాయి. పైన కిరీటం పైకీ కిందకీ ఊగుతుంటుంది. అది కిందకి వచ్చేదాకా ఆగి దూకాలి. దూకితే చాలదు, పట్టుకునే బటన్ నొక్కి ఉంచాలి. అందరికన్నా ముందు చేరి, కిరీటానికి తల కొట్టుకుని కింద పడేవాళ్ళని ఎంతమందిని చూశానో. వెనకొచ్చినవాడు తాపీగా పట్టుకుపోతాడు.

ఎక్కువ చెప్పాల్సింది టిప్ టో గురించి. చదరపు పలకలు పరిచిన ఒక మైదానం. కొన్ని నిజం పలకలు, కొన్ని అబద్ధం. అబద్ధం పలక మీద కాలు పెడితే అది మాయమైపోతుంది, నువ్వు కిందపడి మళ్ళీ మొదటికి వస్తావు. నిజం పలకలు ఒకదాన్నొకటి అంటుకుని, వంకరలు తిరుగుతూ, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఒక దారి. అదెక్కడుందో తెలుసుకునే ఉపాయం ఒక్కటే: ఎవరో ఒకరు కాలు పెట్టాలి.

స్క్విడ్ గేమ్ 2021 సెప్టెంబర్‌లో వచ్చింది. అందులో గాజు వంతెన చూసి నా స్నేహితులంతా భయపడుతుంటే, నేను ఇది టిప్ టో కదా అనుకున్నాను. అక్కడ ముందు నంబర్లు తీసుకున్నవాళ్ళు చస్తారు, చివరి నంబర్లవాళ్ళు వాళ్ళ చావులు చూసి నడుస్తారు. ఫాల్ గైస్‌లో నంబర్లు ఉండవు, చావు ఉండదు, పోయేది పది పదిహేను సెకన్లు. అయినా ఎవరూ ముందుకి వెయ్యరు! తెలిసిన చివరి పలక మీద ఇరవైమంది గుమిగూడి నిలబడతారు. డోర్ డాష్‌లో తలుపులకి తలలు పగలగొట్టుకున్నవాళ్ళే ఇక్కడ పెళ్ళిచూపులకొచ్చినట్టు సిగ్గుపడతారు. ఎందుకంటే అక్కడ తప్పు తలుపు కొట్టినా పక్కదానికి పోవచ్చు, ఇక్కడ తప్పు పలక తొక్కితే అందరి వెనక్కీ పోవాలి. తెలుసుకున్నదంతా మిగతావాళ్ళకి దక్కుతుంది, ఖర్చంతా నీది. అంచేత కాసేపటికి వెనకవాళ్ళు ముందువాణ్ణి తొయ్యడం మొదలెడతారు. అదీ వీడియోల్లో చెప్పే చిట్కాయే. గుంపు మధ్యలో ఉండు, ముందున్నవాణ్ణి తోసెయ్, వాడు పడితే ఆ పలక కాదు, నిలబడితే వాడి వెనక పో.

నేనది చెయ్యను. నీతి కోసమని కాదు, అసలు లాభం లేదు. తొయ్యడంలో నువ్వూ తూలుతావు. పైగా గుంపులో ఉంటే ఇంకొకడు నిన్ను తోస్తాడు. గుంపుకి ఒక పలక వెనక నిలబడి, ముందు జాగా ఖాళీ అయినప్పుడు ఒక్క పలక ముందుకి వేసి మళ్ళీ ఆగడం నా పద్ధతి. అవతలి ఒడ్డు ఒకటి రెండు వరసల దూరంలో ఉందనగా పలకల లెక్క వదిలేసి దూకి, గాల్లో డైవ్ కొట్టెయ్యాలి. బొమ్మ బోర్లా పడేది ఒడ్డు మీదే. నిలబడి ఇంకా దారి వెతుక్కునేవాళ్ళు నోరు తెరుచుకుని చూస్తారు. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, చాలాసార్లు గట్టెక్కొచ్చు.

స్క్వాడ్స్‌లో మాత్రం నా పద్ధతి చెల్లదు. నలుగురు ఒక జట్టు, ఒక్కొక్కరూ చేరిన స్థానాన్ని బట్టి పాయింట్లు, నలుగురివీ కలిపి లెక్క. ఒక్కరు మొదట చేరితే చాలదు, మిగతావాళ్ళు చివర్లో ఉంటే జట్టంతా పోతుంది. మొన్న డిసెంబరులో నేనూ తమ్ముడూ, ఎవరో తెలియని ఇద్దరూ జట్టు. టిప్ టో వచ్చింది. ఆ ఇద్దరూ గుంపులో కలిసిపోయారు. మా వాడు "నేను వేస్తా, నువ్వు చూడు" అని ముందుకు పోయాడు. పడ్డాడు. వాడు తిరిగి పరిగెత్తుకొచ్చేలోపు ఖాళీగా ఎందుకుండాలని నేను తర్వాతి పలక వేశాను. నిలబడింది. ఇంకోటి వేశాను. పడ్డాను. నేనొచ్చేసరికి వాడు రెండు పలకలు ముందున్నాడు. అప్పుడర్థమైంది ఇది ఇద్దరాడితే వేరే ఆట అని. ఒకరు పడి తిరిగొచ్చే దూరం ఇంకొకరు దారి వెతికే సమయం. ఎవరూ ఆగనక్కర్లేదు, ఎవరూ ముందు ఉండనక్కర్లేదు. పడడం వంతులవారీగా జరుగుతుంది. గుంపు మా వెనకాలే వస్తోంది, రానీ. తెలిసిన దారిలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో మాకు లెక్కలేదు, ఎందుకంటే కొత్త పలక దగ్గర ఎప్పుడూ మాలో ఒకరున్నాం.

మూడోసారి వాడు కిందపడి పరిగెత్తుకొస్తుంటే నేనన్నాను, "సంక్రాంతికి తెనాలి వెళ్తున్నా. ఇంటి సంగతి అమ్మని నేనే అడుగుతా."

కాసేపు ఏమీ వినపడలేదు. ల్యాగేమో అనుకున్నాను.

"నువ్వు అడుగుతావా?"

"అడుగుతా. తను ఉంటానంటే ఉంటుంది. ఆ మాట నీకు నేనే చెప్తా."

"సరే." అప్పటికి నా పక్కకి వచ్చేశాడు. "ఎదురుగా ఉన్నది ఇందాక నేను పడిందే. కుడిది చూడు."

కుడిది వేశాను.